చిమ్మిలి మూటతో కొండెక్కిన మణికేతుడు

అనగనగా కుంతలగిరిని ఏలే రాజు ఒకడుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ పుట్టుకతోనే ఒక వింత జబ్బు. ఎంత తిన్నా ఆ తిండి బలం కాదు. నాలుగు బారలు పరిగెత్తితే కండలు కొయ్యబారతాయి, మూత్రం చింతపులుసులా నల్లబడుతుంది.

ఇదంతా ఏడు వాగుల అవతలి కరాళుడనే మాంత్రికుడి పని. తల్లి కడుపులో ఉన్న బిడ్డల సత్తువ దొంగిలించి బతికేవాడు వాడు. వాడి ప్రాణం అక్కడి కొండమీది చిలుకలో ఉంది.

పెద్దవాడు ఆ చిలుక కోసం కొండమీదికి పరుగెత్తాడు. శవమై తిరిగొచ్చాడు. అది చూసి బెదిరిన రెండోవాడు మంచం దిగలేదు. కాళ్లు పుల్లలై, ఏడాది తిరక్కుండా వాడూ పోయాడు.

మూడోవాడు మణికేతుడు. పన్నెండేళ్లవాడు. "అమ్మా, నేను వెళ్తాను," అన్నాడు.

"పరిగెత్తితే పెద్దాడిలా పోతావు. పడుకుంటే నడిపాడిలా పోతావు. ఏమని చెప్పను నాయనా?" అంది తల్లి.

వాడు బయల్దేరాడు. మొదటి వాగు దాటగానే కాళ్లు పట్టేసి ఒక గానుగ పక్కన కూలబడ్డాడు. గానుగెద్దు వాడివైపు చూసి మాట్లాడింది.

"నా వెనక నడు బాబూ. నొప్పి పుట్టగానే ఆగు. కాస్త తిను. తగ్గాక మళ్లీ నడు. మొదటి నొప్పి దాటితే ఒళ్లు తేలికపడుతుంది."

మొదటి నెల మూడు చుట్లు నడిచాడు. రెండో నెల ముప్పై. మూడో నెల పొద్దెక్కేదాకా నడిచాడు. గానుగవాళ్ల పిల్ల పైడి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి మూటగట్టి ఇచ్చింది.

ఆగుతూ, తింటూ, మిగిలిన ఆరు వాగులూ దాటి కొండెక్కాడు. చిలుక పది అడుగుల దూరంలో ఉందనగా కరాళుడు ఎదురొచ్చాడు. పడిపోయినవాళ్లను తప్ప వాడు తాకలేడు. అందుకే ఉసిగొల్పాడు.

"పరుగెత్తు. మీ అన్న ఇక్కడే పరుగెత్తాడు."

మణికేతుడికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. కాళ్లు కొయ్యబారుతున్నాయి. పరుగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. అయినా ఆగాడు. చిమ్మిలి నోట్లో పెట్టుకున్నాడు. నొప్పి తగ్గాక ఒక్కొక్క అడుగే వేసి, చిలుక మెడ విరిచాడు.

కరాళుడు గిలగిల కొట్టుకుని చచ్చాడు. ఆ తర్వాత ఆ రాజ్యంలో ఏ బిడ్డా ఆ జబ్బుతో పుట్టలేదు. మణికేతుడి సత్తువ మాత్రం తిరిగి రాలేదు. ఇంటికొస్తే తల్లి మూడు విస్తళ్లు వేసింది. ఒక్కడే తిన్నాడు.

పెద్దయ్యాక పైడిని పెళ్లాడి నలభై ఏళ్లు రాజ్యమేలాడు. ఊరేగింపులో రాజు ఆగితే ఊరంతా ఆగేది. రాజు కదిలాకే కదిలేది.