పందికొక్కు పోసిన కొత్తమట్టి

ఏనుగులు సైతం పక్కకు తప్పుకుని నడిచే ఒక గడ్డిమైదానంలో చండతుండం అనే మహాపక్షి ఉండేది. రెక్కలు పేరుకే, ఎగరడం దానికి చేతకాదు. అయితేనేం, పరుగు తీస్తే జింకలు వెనకబడాల్సిందే. తల గుర్రం తలంత, ముక్కు గొడ్డలంత, ఆ ముక్కు చివర కొక్కెంలాంటి వంపు. మెడ పైకెత్తి ఒక్క వేటు వేసిందంటే ఏ జంతువుకైనా నూకలు చెల్లినట్టే. దాని వెంట జిత్తయ్య అనే నక్క తిరిగేది. ఎవరెక్కడ దాక్కున్నారో చూపించడం, దొరను పొగడడం, మిగిలిన ఎముకలు నాకడం, ఇదీ దాని కొలువు.

ఒకరోజు అవి రెండూ తవిటమ్మ అనే పందికొక్కు కలుగు దగ్గరికి వచ్చాయి. తవిటమ్మ మేతకు పోయింది. పిల్లలు లోపలున్నాయి.

"ఏలినవారూ, ఈ కొత్తమట్టి చూశారా? ఇది ఎక్కడుంటే అక్కడ పందికొక్కు ఉన్నట్టే," అంది నక్క.

"నీ పాఠాలు తర్వాత. లోపల ఎన్నున్నాయి?"

"వాసన చూస్తే పెద్ద కాపురమే ప్రభూ!"

చండతుండం నేలను పొడవసాగింది. ఒక్కో పోటుకు కలుగు పైకప్పు పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది.

తిరిగొస్తున్న తవిటమ్మ గడ్డిలోంచి ఇది చూసి నిలువునా వణికిపోయింది. పక్క పొదలో ముడుచుకున్న ముళ్లపందిని కదిపింది.

"అన్నయ్యా, నా పిల్లలు! ఏదైనా చెయ్యి!"

"ఒళ్లంతా ముళ్లున్న నేనే దాక్కున్నానమ్మా. ఏడుపు దిగమింగుకో. మళ్లీ కంటావులే."

"నోరు ముయ్యి! కన్నదాన్ని నేను," అంది తవిటమ్మ. ఆ కోపానికి వణుకు తగ్గింది, బుర్ర పనిచేసింది.

కలుగుకు కొంచెం ఇవతల ఒక తుమ్మమొద్దు ఉంది. ఎప్పుడో చెట్టు విరిగిపోగా నేలమట్టంగా మిగిలింది. ఎండకు నడిమికి చీలి, ఇనుములా గట్టిపడింది. తవిటమ్మ గడ్డి చాటున దాని పక్కన గబగబా తవ్వి, ఆ మట్టినంతా మొద్దు కనబడకుండా పైన కుప్ప పోసింది. తర్వాత వేళ్ల కిందికి దూరి, పసిపిల్లలా కీచుకీచుమంది.

నక్క చెవులు నిక్కాయి. "ప్రభూ! అటు, అటు! కొత్తమట్టి! వెనక దారి తవ్వుకుని అక్కడ తేలాయి!"

"నిజమేనా?"

"నా మాట ఎప్పుడైనా తప్పిందా? మెల్లగా పొడిస్తే మళ్లీ లోపలికి జారుకుంటాయి. బలమంతా పెట్టి ఒక్కటే వెయ్యండి!"

చండతుండం వెనక్కి వెళ్లి, పరుగున వచ్చి, మెడ ఆకాశానికెత్తి వేసింది. ముక్కు మట్టిలోంచి మొద్దు చీలికలోకి కళ్లదాకా దిగిపోయింది. లాగింది, రాలేదు. చివరి కొక్కెం చెక్కకు అడ్డంపడి పట్టేసింది.

"జిత్తయ్యా, లాగరా!" అని గొంతులోంచే మూలిగింది.

నక్క తోక పట్టుకుని గుంజింది. నోటినిండా ఈకలు మాత్రం వచ్చాయి.

తవిటమ్మ బయటికొచ్చి, ఒళ్లు దులుపుకుని, పక్షి కంటి ముందు నుంచే తీరిగ్గా నడిచి కలుగులోకి వెళ్లింది. పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ అదే దారిన వచ్చింది.

"బాగా చూడండర్రా! మిమ్మల్ని భోంచేద్దామని వచ్చిన దొరగారు. దండం పెట్టండి."

పిల్లలు కిసుక్కున నవ్వాయి. గడ్డిలో నక్కిన జింకలూ కుందేళ్లూ బయటికొచ్చి ఆ నవ్వు అందుకున్నాయి. ముళ్లపందయితే పొట్ట పట్టుకుని దొర్లింది. ఆ మైదానం పుట్టాక అంత నవ్వు అక్కడ ఎన్నడూ వినబడలేదు. ఎంత సంతోషమో!

అవమానం భరించలేక చండతుండం తల పక్కకు విసిరి గుంజింది. టక్కుమంది. ముక్కు బయటికైతే వచ్చింది గానీ, కొక్కెం మొద్దులోనే ఉండిపోయింది, మిగతాది నిలువునా బీటలువారింది. కసిగా ఒక జింకపిల్లను పొడవబోయి, తనే నొప్పికి కుయ్యోమంది. జింకపిల్లకు గీత కూడా పడలేదు.

"ఏలినవారికి ఇకమీదట మిడతలే పథ్యం. నాకు సెలవిప్పించండి," అని నక్క జారుకుంది. చండతుండం తల వేలాడేసుకుని మైదానం దాటిపోయింది.

ఆ జాతి మహాపక్షుల్లో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. పందికొక్కులంటారా, మీ ధాన్యపు గాదె కింద చూసుకోండి, పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాయి.

నీతి: తన కళ్లతో చూసుకోకుండా, పొగిడేవాడి మాట విని కొట్టే బలవంతుడు తన ముక్కే విరగ్గొట్టుకుంటాడు.