నల్లేరుకు దురద ఎందుకొచ్చింది?

ఒకప్పుడు నల్లేరుకు దురదే లేదు. ఇప్పుడున్న నాలుగు అంచులూ లేవు. తోటకూర కాడలా గుండ్రంగా, నున్నగా ఉండేది. పచ్చిదే విరిచి నోట్లో వేసుకుంటే దోసకాయలా కరకరలాడేది. ఏమిటా మొహాలు? నమ్మరేం? ఉండండి, చెబుతున్నాగా!

గవరమ్మ అనే ఆవిడ పెరట్లో, దడి మీద ఒక నల్లేరు పాకేది. పాకేది అన్నానుగానీ, పాకనిస్తే కదా! చిగురు వేయడం ఆలస్యం, గవరమ్మ తుంచి పచ్చడి నూరేసేది. ఆవిడ వదిలితే మేక మేసేది. మేక వదిలితే వీధిలో పిల్లలు విరుచుకుని నమిలేసేవాళ్ళు. అచ్చం మీలాంటి వాళ్ళే!

పాపం, నల్లేరుకు కంటి మీద కునుకు ఉండేది కాదు. దడి అవతల అడుగుల చప్పుడైతే చాలు, "ఎవరొస్తున్నారో? ఈసారి ఏ చిగురు పోతుందో?" అని ఒకటే దిగులు. చివరికి ఒక్క కొమ్మ మిగిలింది. దాని కొసన ఒకే ఒక్క చిగురు. అదీ పోతే నల్లేరు ఎండి చచ్చిపోవడమే.

ఆ సాయంత్రం గవరమ్మ ఆ చిగురును చూసింది. "మేక నోట పడేలోపు రేపొద్దున కోసేస్తాను. పచ్చడికి చాలకపోయినా పప్పులోకైనా వస్తుంది" అంది.

నల్లేరుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"వంగమ్మా, వంగమ్మా! నీ ముళ్ళు నాలుగు నాకివ్వవూ?" అని పక్కనున్న వంగమొక్కను బతిమాలింది.

"బాగుంది వరస! నా కాయల తొడిమలకే చాలడం లేదు. నీకెక్కణ్ణించి తేను?" అని వంగమొక్క మొహం తిప్పేసుకుంది.

అప్పుడు మట్టిలోంచి కంద గొంతు వినిపించింది. "ఏడవకే పిల్లా. నా దగ్గర దురద ఉంది, కాస్త ఇస్తాను. కానీ ఒక్క మాట. అది ఒంటికి పట్టిందంటే మళ్ళీ వదలదు. రవ్వంతే తీసుకో."

నల్లేరు వింటేగా! అంత భయంలో రవ్వంత ఎంతో ఎవరికి తెలుస్తుంది? వేళ్ళతో గటగటా తాగేసింది. ఒళ్ళంతా పట్టించేసింది. "హమ్మయ్య! ఇక నా జోలికి ఎవరొస్తారో చూస్తాను" అనుకుంది.

తెల్లారాక ముందు వచ్చింది గవరమ్మ కాదు, మేకా కాదు. గవరమ్మ కూతురు పైడమ్మ. ఆ పిల్ల రోజూ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి నల్లేరు మొదట్లో పోసేది. ఆవేళా పోసింది. పోసి, చిగురు కింది కణుపును ఊరికే అలా కొరికింది.

"అయ్యో, నువ్వా!" అంది నల్లేరు.

అంతలోనే పైడమ్మ పెదాలు బూరెల్లా ఉబ్బాయి. నాలుక దురద, గొంతు దురద. "అమ్మోయ్!" అని కేక పెట్టింది.

గవరమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటైందే? ఏటి తిన్నావే?" అంది. పిల్ల నల్లేరు వైపు చెయ్యి చూపించింది. మాట రావడం లేదు. గవరమ్మ నీళ్ళు పట్టింది, తగ్గలేదు. ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నల్లేరుది "పిల్లకేమైనా అయితే? నా వల్లే, నా వల్లే" అని ఒకటే ఏడుపు.

"నిలబడి చూస్తావేం గవరమ్మా!" అని అరిచింది మూలనున్న చింతచెట్టు. "కంద దురద నాకు కొత్తా? నా పండు పిసికి నోట్లో రాయి!" అంటూ టపటపా పండిన కాయలు రాల్చింది. గవరమ్మ గబగబా రాసింది. కాసేపటికి వాపు తగ్గింది. పిల్ల ఊపిరి పీల్చుకుంది.

భయం దిగగానే గవరమ్మకు కోపం ఎక్కింది. గునపం తెచ్చింది. "నా పిల్లనే చంపబోతావా? నిన్ను వేళ్ళతో సహా పెకలిస్తాను!" అంది. గునపం పైకి లేచింది. నల్లేరు ఎంత గట్టిగా ముడుచుకుందంటే, గుండ్రటి ఒళ్ళు కాస్తా నాలుగు వైపులా లోపలికి పీక్కుపోయి నాలుగు అంచులు తేలాయి.

పైడమ్మ అడ్డం పడింది. "వద్దమ్మా! మన నల్లకుక్క ఈనినప్పుడు నన్ను కరవలేదా? కొట్టొద్దని నువ్వే అన్నావు. పిల్లల్ని ఎత్తుకుపోతారని దానికి భయం అన్నావు. దీనికీ ఒక్కటే పిల్ల ఉంది, చూడు!"

గవరమ్మ ఆ చిగురు వంక చూసింది. గునపం మెల్లగా దింపింది. "నిజమేనే. కొయ్యడమే గానీ ఒక్కటీ మిగల్చలేదు" అంది.

"కందమ్మా, నీ దురద నువ్వు తీసేసుకో" అని నల్లేరు వేడుకుంది.

"వదలదని ముందే చెప్పానా లేదా?" అని కంద విసుక్కుంది.

"అయితే గవరమ్మా, లేత కొసల్లోని దురదను నాకు చేతనైనంత ముదురు కణుపుల్లోకి లాక్కుంటాను. లేతవి కొన్ని తుంచుకో. ముదురువి నాకు వదిలెయ్" అంది నల్లేరు.

"మిగిలిన దురద సంగతి నేను చూసుకుంటాలే" అంది చింతచెట్టు.

అప్పటినుంచే నల్లేరు నాలుగు పలకలుగా ఉంటోంది, ముట్టుకుంటే దురద పెడుతోంది. అప్పటినుంచే మన అమ్మలు చేతులకు నూనె రాసుకుని, లేత కొసలే తుంచి, అంచుల పీచు తీసి, నూనెలో వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరుతున్నారు. ప్రాణం దక్కిందిగా, ఇంకా దురదెందుకు అంటారా? పట్టింది వదలదని కంద చెప్పిందిగా! పైగా, వచ్చేది నీళ్ళు పోసే చెయ్యో, పెకలించే చెయ్యో దానికెలా తెలుస్తుందర్రా? ఇప్పటికీ దానికి భయమే.