దమయంతి చదివిన వార్త

అనగనగా అంటే మరీ పాతకాలం కాదమ్మా, మొన్నమొన్నటి మాటే. జీడితోటల మధ్య ఒక ఊళ్ళో దమయంతి అని ఒక పిల్ల ఉండేది. నీకంటే రెండేళ్ళు పెద్ద, ఎనిమిదో తరగతి. ఊఁ కొట్టు మరి, లేకపోతే చెప్పను.

దాని నాన్న కూర్మారావు జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసేవాడు. పిక్కల రసం అంటుకుని వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. మంచివాడే, కానీ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడు. "కంప్యూటరంటూ ఏ గొడవైనా ఇంటికొచ్చిందో, బడి మానిపించీస్తాను. పిక్కలు కొట్టుకుందువు గాని" అనేవాడు. దమయంతికేమో చదువంటే ప్రాణం. రోజూ పొద్దున్న ప్రార్థనలో మైకు ముందు నిలబడి వార్తలు చదివేది అదే.

ఆ బడిలో ఆడపిల్లలకి ఒక అలవాటు ఉంది. ఇద్దరు జట్టు కట్టారంటే ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పుకోవాలి. చెప్పకపోతే పచ్చి, ఇక మాటల్లేవు! ఎంత తెలివితక్కువ పనో చూడు. మా కాలంలో జట్టు కడితే సగం జామకాయ పెట్టేవాళ్ళం గాని, ఇంటి తాళంచెవి ఇచ్చేవాళ్ళం కాదు.

అప్పుడొకరోజు బడి కంప్యూటర్లో దమయంతికి ఒక సందేశం వచ్చింది. "నా పేరు పద్మిని. పక్క మండలం బడిలో చదువుతున్నాను. మనం జట్టా?" అని. దమయంతి మురిసిపోయి "జట్టే" అంది.

మర్నాడు రెండోది వచ్చింది. "జట్టయితే పాస్‌వర్డు చెప్పాలి కదా?" అని. చెప్పేసింది, పిచ్చిమొద్దు!

మూడోనాడు మూడోది వచ్చింది. "నీ ఖాతా ఇప్పుడు నా చేతిలో ఉంది. నీ ఫోటోలు పంపు. పంపకపోతే నీ పేరుతో అందరికీ బూతులు రాస్తాను. మీ నాన్నకి కూడా చెప్తాను" అని. పద్మినీ లేదు, గిద్మినీ లేదు. ఎవడో మాయదారి వెధవ! పిల్ల చప్పున కంప్యూటరు కట్టేసింది. నాన్నకి తెలిస్తే బడి అయిపోయినట్టే కదా.

ఆ తర్వాత దమయంతి ముగ్గుర్ని అడిగింది. జట్టు కట్టిన సునంద "తుడిపీసి ఊరుకోవే" అంది. పదో తరగతి అక్క "తప్పయిపోనాదని వాణ్ణే బతిమాలుకో" అంది. కంప్యూటరు మాస్టారు తలుపు దగ్గరగా వేసి, "ఎవరితోనూ అనకు, బడి పేరు పోతుంది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిల్ల కంటే పేరు ఎక్కువైపోయిందా ఆయనకి?

ఆ మధ్యాహ్నం దమయంతికి అన్నం సయించలేదు. ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ తర్వాత కోపం వచ్చింది. "ముగ్గురూ నన్నే దాక్కోమంటారేటి? దొంగ నేనా, వాడా?" అనుకుంది.

మర్నాడు ప్రార్థనలో మైకు ముందు నిలబడింది. చేతిలో పేపరు మడిచేసింది.

"ఈనాటి ముఖ్యాంశాలు. ఎనిమిదో తరగతి దమయంతి తెలివితక్కువగా పాస్‌వర్డు ఇచ్చేసింది. పద్మిని అనే పేరు పెట్టుకుని ఒకడు ఆమెని బెదిరిస్తున్నాడు. ఫోటోలు పంపమంటున్నాడు. ఆమె పంపదు. వాడు రాసినదేదీ తుడపలేదు, అంతా దాచి ఉంచింది. నాన్నకి చెప్తానన్నాడు కదా, వాడు చెప్పేదేమిటి, అందరికీ నేనే చెప్తున్నాను. వార్తలు ఇంతటితో సమాప్తం."

అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. "నాకూ వచ్చింది" అని. ఆ తర్వాత ఇంకో చెయ్యి లేచింది. మూడో చెయ్యి ఎవరిదనుకున్నావు? సునందది! తుడిపేయమన్నది కదూ, అది తనకొచ్చింది తుడిపేసుకుని లోపల్లోపల చస్తోంది పాపం.

హెడ్మిస్ట్రెస్ గారు కూర్మారావుకి కబురు పెట్టారు. ఆయన కార్ఖానాలోంచి ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు.

"అందరి ముందూ సెప్పీసినావట గుంటా! ఆడపిల్ల పేరు మీద మరక పడితే పోద్దేటి?" అన్నాడు.

దమయంతి నాన్న చెయ్యి పట్టుకుంది. "నీ సేతికీ మరకుంది కదా నాన్నా. పెళ్ళి బంతిలో కూకున్నప్పుడు ఎప్పుడైనా దాసుకున్నావా?"

"నానెందుకు దాసుకుంటాను? దొంగతనం సేసినానేటి?"

"మరి నాను సేసినానా? పాస్‌వర్డు ఇవ్వడం నా తప్పే, ఒప్పుకుంటాను. బెదిరించినోడు వాడు. బడి నానెందుకు మానాల?"

కూర్మారావు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారి వైపు తిరిగి, "మేడమ్మా, పోలీస్ స్టేషనుకి నానూ వస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో సూపించండి" అన్నాడు.

పిల్లలు దాచి ఉంచినవన్నీ చూపిస్తే, వాడెవడో తేలింది. ముప్ఫై ఏళ్ళ మీసాలవాడమ్మా, పద్మినిట! పోలీసులు పట్టుకుపోయారు. పిల్లలంతా పాస్‌వర్డులు మార్చుకున్నారు. దమయంతి బడి మానలేదు. ఇప్పుడా బడిలో జట్టంటే సగం జామకాయే, పాస్‌వర్డు అడిగితే పచ్చి.

జట్టు జట్టు జామకాయ, సగం నీకు, సగం నాకు!
తాళంచెవి అడిగావో, పచ్చి నీకు, పచ్చి నాకు!
దాచమన్న మాటలన్నీ దొంగగాడి మూటలోకి!
కథ వెళ్ళె కంచిలోకి, మనమొచ్చాం ఇంటిలోకి,
భయం మాత్రం గడప బయట, రానివ్వం లోపలికి!

ఏమ్మా, ఊఁ కొట్టడం ఎప్పుడో ఆపేశావేం? రెండ్రోజులుగా నువ్వూ అన్నం కెలికి వదిలేస్తున్నావు, నేను చూస్తూనే ఉన్నాను. తిట్టను. ఇలా దగ్గరికి రా. ఇప్పుడు నీ వార్త చదువు తల్లీ, అమ్మమ్మ ఊఁ కొడుతుంది.