సగోత్రం బూజుకు సంబంధం

ఆ బత్తాయి తోటలో కాయలకు నల్లమచ్చ బూజు తగిలి రెండేళ్ళయింది. "ఈసారీ కాయ చెడిందా, చెట్లు కొట్టించేస్తా, ఎద్దును సంతకు తోలేస్తా" అని రైతు తెగేసి చెప్పాడు. పాపం, ముసలి ఎద్దుకు బెంగ పట్టుకుంది.

అయినా ఆ బూజు పెద్దగా పాకలేదు. ఎందుకంటారా? దానిదంతా ఒకటే గోత్రం! వేరే గోత్రంతో పెళ్ళయితేనే దానికి గాలికెగిరే పిల్లలు పుడతాయి. లేదంటే వాన చినుకులతో పక్క కొమ్మకు జారడమే. ఆ రెండో గోత్రం వాగవతలి తోటలో ఉంది.

ఇది పసిగట్టి నక్క పెళ్ళిళ్ళ పేరయ్య అవతారమెత్తింది. తోట పాడైతే కాపలా ఉండదు, కోళ్ళన్నీ తనవే! అవతలి తోటలో రాలిన మచ్చల ఆకుల్ని మోసుకొచ్చి ఇవతలి చెట్ల కింద పరిచింది.

ఎద్దు బావురుమంది. "కోడమ్మా, నా పని అయిపోయింది! ఈ ఆకులన్నీ కలిసి నాలుగుసార్లు తడిసి ఆరితే పెళ్ళి జరిగిపోయినట్టే."

"ఏడిస్తే పెళ్ళి ఆగుతుందా తాతా? ఊరుకో" అని కోడి ఎద్దు వీపెక్కి నక్కను కేకేసింది. "ఏం నక్క మావా, పెళ్ళిపెద్దవి నువ్వేనటగా! మగపెళ్ళివారికి విడిది ఏదీ? కటిక నేల మీద పడేస్తే రేపు మాటొచ్చేది నీకే."

"నిజమేనే కోడలా! మరి విడిది ఎక్కడ?"

"కొట్టం వెనక గొయ్యి ఉందిగా. వెచ్చగా ఉంటుంది. రెండు వైపులా ఒక్క చుట్టాన్ని మరిచిపోయినా అలుగుతారు, జాగ్రత్త!"

పెద్దరికం అంటే చాలు, నక్కకు ఒళ్ళు తెలీదు. రెండు రోజులు చెట్ల కింద ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చి గోతిలో పోసింది. పైన ఎద్దు పచ్చిపేడ వేసింది, కోడి మట్టి కప్పింది.

"ఇదేంటే?" అంది నక్క.

"పెళ్ళిపందిరి మావా!"

అడవి నక్కకు పెంటగొయ్యి సంగతేం తెలుసు? వారం తిరక్కుండా లోపల వేడి పుట్టి, పెళ్ళికి ముందే బూజు మొత్తం ఉడికి చచ్చింది. సంభావన కోసం వచ్చిన నక్క గోతిలో మూతి పెట్టింది. ఆవిరి కొట్టి మూతి కాలి, కుయ్యోమంటూ వాగు దాటింది.

ఆ ఏడు బత్తాయిలు నున్నగా, నిండుగా కాశాయి. రైతు ఎద్దు గంగడోలు నిమురుతూ, "నిన్నెక్కడికీ పంపన్లేరా" అన్నాడు. హమ్మయ్య! ఎద్దు కాళ్ళు చాపుకుని మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోయింది.

నీతి: చెడ్డ సంబంధం తెచ్చినవాడితో తగువెందుకు, విడిది మనం చూపిస్తే చాలు.