వారాలు తిన్న సైన్యం

ఒక రాజుకు సైన్యమంటే ఇష్టం, దానికి తిండి పెట్టడమంటే కష్టం. అందుకని సైన్యపు వంటశాల మూయించి, ఒక్కో సిపాయికి ఊళ్ళో ఏడిళ్ళు కేటాయించాడు. రోజుకో ఇంట్లో భోజనం. ఎంత తెలివైన ఏర్పాటు అని తనను తానే మెచ్చుకున్నాడు.

జనం మొదట్లో సణుక్కున్నారు. తుపాకీ గోడకు ఆనించి పీట మీద కూర్చున్నవాడికి విసురుగానే వడ్డించారు. ఏళ్ళు గడిచేసరికి ఎవరికి కారం పడదో, ఎవరికి అడుగంటిన అన్నం ఇష్టమో ఇంటింటికీ తెలిసిపోయింది. సేనాపతీ వారాలే తినేవాడు. గురువారాలు కుమ్మరి ముసలమ్మ ఇంట్లో.

ఒక ఏడాది వానలు పడలేదు. రాజు తన విహార సరస్సు నింపుకోవడానికి కాలువ తూము మూయించాడు. పైర్లు ఎండిపోతుంటే చూడలేక ఊరంతా వెళ్ళి తూము మీద కూర్చుంది. లేవకపోతే కాల్చి పారేయమని రాజు ఆజ్ఞ పంపాడు.

సైన్యం బారులు తీరి తుపాకులు ఎత్తింది. ప్రతి సిపాయికీ ఎదురుగా తను అన్నం తినే ఇళ్ళవాళ్ళే కనిపించారు. సేనాపతి చెయ్యి పైకెత్తాడు. అది దిగితే గుండ్లు పేలతాయి. ముందు వరుసలో ఉన్న ముసలమ్మ అతన్ని చూసి నొచ్చుకుంది.

"ఇయ్యాల నీ వంతు మా ఇంట్లోనే గదయ్యా. పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నా, పొయ్యి ముట్టించలేదు. ఏమనుకోకయ్యా."

ఎత్తిన చేత్తోనే సేనాపతి కోటవైపు చూపించాడు. సైన్యం మొత్తం అటు తిరిగింది. ఒక్క గుండు పేలకుండా సాయంత్రానికి తూము తెరుచుకుంది, రాజు దేశం విడిచి పారిపోయాడు. అలాంటి సైన్యాన్ని చూడటానికి రెండు కళ్ళూ చాలవు.

జనం సేనాపతినే ఏలమన్నారు. అతను ఒప్పుకోలేదు, ముందు తనను విచారించమన్నాడు. నువ్వు చేసింది మంచే కదా అని పెద్దలు తెల్లబోయారు.

"మంచే. అవసరమైతే మళ్ళీ చేస్తాను. కానీ ఏలేవాడి మీదికి తుపాకీ తిప్పడం ఎంత సులువో నా వాళ్ళు చూశారు. దానికి శిక్ష ఉంటుందని కూడా చూడాలి."

పెద్దలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అతను ఇక ఆయుధం ముట్టకూడదని, సరిహద్దు దాటి వెళ్ళిపోవాలని తీర్పు చెప్పారు.

సేనాపతి మొలలోని కత్తి తీసి, ఖాళీ సింహాసనం మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొత్తగా ఏలడానికి వచ్చినవాడు దాని పక్కనే కాస్త సర్దుకుని కూర్చున్నాడు.