ఒకే డేగిసా, రెండు గరిటెలు

యాకూబ్‌కి కంటి మీద కునుకు లేదు. తన తప్పేమిటో ఎంత వెతికినా దొరకని మనిషికి నిద్రెలా పడుతుంది చెప్పండి?

షుకూర్ బాబా చూసుకునే దర్గాలో వంటశాల అతని చేతి మీదే నడిచేది. దర్గాకి ఒక పక్క ఏరు, ఇంకో పక్క కొండలు. గురువారం గురువారం అక్కడ సంత. కొండవాళ్ళు తేనే చింతపండూ మోసుకుని దిగేవారు. ఏటివాళ్ళు పడవల్లో ఉప్పూ ఎండుచేపలూ తెచ్చేవారు. బేరాలయ్యాక ఇరుపక్షాలకీ భోజనం దర్గాలోనే. పెద్ద డేగిసా నిండా పొగలు కక్కే కిచిడీ, దాని మీదికి పులుసు. ఆ వాసనకి బేరం సగంలో వదిలేసి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

అలాంటి చోట పోయిన గురువారం ఒక కొండ కుర్రాడు విస్తరి విసిరేసి గొడ్డలి ఎత్తాడు. ఏటివాళ్ళు తెడ్లు తీశారు. పెద్దలు అడ్డుపడబట్టి ఎవరి తలా పగల్లేదు. "వచ్చే వారం మేం తెడ్లు చేత్తో పట్టుకునే భోజనానికి కూర్చుంటాం" అని పడవలవాళ్ళ పెద్ద, సరంగు నూకయ్య చెప్పి మరీ వెళ్ళాడు. కోటని కాసే కిల్లేదారు కూడా కబురంపాడు. ఈసారి నెత్తురు పడితే సంతా మూత, వంటశాలా మూత.

యాకూబ్ బాబా దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. బాబా అరుగు మీద కూర్చుని చిరిగిన చాపకి అంచు కుట్టుకుంటున్నాడు.

"బాబా, నేను పుట్టింది ఏటివాళ్ళ పేటలోనే. కానీ గరిటె పట్టుకున్నాక నాకు అందరూ ఒకటే. ఏటివాడికీ ఒక గరిటే, కొండవాడికీ ఒక గరిటే. తిన్నాక చెయ్యెత్తిన వాళ్ళకి మారు. ఇందులో అన్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి."

బాబా సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. 

"ఆ కొండవాళ్ళకే పొగరు బాబా. వేడి వేడిగా వడ్డిస్తే చెయ్యి పెట్టరు. బొమ్మల్లా కూర్చుంటారు. మన తిండి అంటే ఏవగింపని ఏటివాళ్ళు అనుకోరా మరి? పైగా చివరికి మాకు మారు లేదని గోల. అందుకని ఒకటి ఆలోచించాను. వాళ్ళకో రోజు, వీళ్ళకో రోజు పెడదాం. మధ్యలో దడి కట్టిద్దాం."

బాబా దారం కొరికి తెంపాడు.

"ఈ గురువారం వడ్డన నేను చేస్తాను. నువ్వు పంక్తిలో కూర్చో."

"ఎక్కడ కూర్చోమంటారు?"

"చోటున్న దగ్గర."

గురువారం వచ్చింది. ఏటివాళ్ళ పక్కన తెడ్లు, కొండవాళ్ళ పక్కన గొడ్డళ్ళు. బాబా స్వయంగా గరిటె పట్టేసరికి ఎవరూ నోరెత్తలేదు. పడవల రేవు వంటశాలని ఆనుకునే ఉంది కాబట్టి ఏటివాళ్ళు ఎప్పటిలాగే ముందు వచ్చి డేగిసా దగ్గర కూర్చున్నారు. కొండదారి నడిచి వచ్చినవాళ్ళకి గోడవార చివరి వరస మిగిలింది. యాకూబ్‌కి చోటు దొరికింది ఆ వరసలోనే.

ఒక పక్క ఎర్రమ్మి అనే నడివయసు మనిషి. వరస చిట్టచివర, తనవాళ్ళందరినీ కూర్చోబెట్టాక కూర్చున్న ముసలాయన, వాళ్ళ పెద్ద బొజ్జి దొర.

బాబా అచ్చం యాకూబ్ లాగే వడ్డించుకుంటూ వచ్చాడు. అదే గరిటె, అదే కొలత. కిచిడీ విస్తట్లో పడగానే యాకూబ్ పులుసు కలుపుకుని ముద్ద ఎత్తాడు.

ఎర్రమ్మి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. దొర నోట్లో పెట్టలేదింకా."

"ఆయన విస్తట్లో ఇంకా పడనే లేదుగా?"

"అందుకే ఆగమంటున్నా."

యాకూబ్ ముద్ద దించాడు. వరసంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతని కళ్ళముందే కిచిడీ మీద పొగ తగ్గిపోయింది. అవతల ఏటివాళ్ళు ఊదుకుంటూ, జుర్రుకుంటూ తింటున్నారు. గరిటె దొర దాకా వచ్చింది. దొర తన పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుని, నిదానంగా మొదటి ముద్ద తిన్నాడు. అప్పటికి డేగిసా దగ్గర చేతులు లేచాయి. మారు వడ్డన మొదలైంది. యాకూబ్ తన విస్తట్లో చల్లారిన ముద్ద మింగేసరికి డేగిసాని గరిటె గీకుతున్న చప్పుడు వినిపించింది.

అతనికి కడుపు నిండలేదు. అంతకంటే ఎక్కువగా, ఆ చప్పుడు వింటుంటే ఒళ్ళు మండింది. పోయిన వారం గొడ్డలి ఎత్తిన కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు. వాడు యాకూబ్ ముఖం చూసి మెల్లగా నవ్వాడు.

బాబా ఖాళీ గరిటెతో వచ్చి నిలబడ్డాడు.

"ఏం యాకూబూ, కడుపు నిండిందా?"

"లేదు బాబా."

"అదేమిటి? నీకూ ఒక గరిటే వేశానే."

యాకూబ్ ఖాళీ విస్తరి మడిచి లేచాడు.

సంత చెదిరాక అతను బాబా వెనకే పరుగెత్తాడు. "తెలిసింది బాబా. వచ్చే వారం నుంచి ముందు దొరకే వడ్డిస్తాను. నేనే చూసుకుంటాను."

"మంచిదే. ఇన్నాళ్ళూ ఇది నీకు తెలియలేదు. వచ్చే వారం ఇంకేది తెలియకుండా పోతుందో?"

యాకూబ్ చాలాసేపు ఆలోచించి, కొండ దారి పట్టి ఎర్రమ్మిని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"అక్కా, మీ వరసకి నువ్వు వడ్డిస్తావా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "వంటశాలలోకి రానిస్తారా మమ్మల్ని?"

రావద్దని ఎవరైనా చెప్పిన గుర్తు యాకూబ్‌కి లేదు. రమ్మని పిలిచిన గుర్తు కూడా లేదు.

మరుసటి గురువారం ఒకే డేగిసాకి ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడ్డారు. ఏటివాళ్ళ వైపు యాకూబ్, కొండవాళ్ళ వైపు ఎర్రమ్మి. ఇద్దరూ సరేనంటే గానీ మారు వడ్డన మొదలవదని యాకూబ్ అందరికీ వినబడేలా చెప్పాడు. ఆమె గరిటెతో తిన్నగా దొర దగ్గరికి వెళ్ళింది. ఆయన నోట్లో ముద్ద పడిందో లేదో, వరసంతా విస్తళ్ళ మీదికి వంగింది. కిచిడీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

నూకయ్య తన వాటా తినేసి అలవాటుగా చెయ్యెత్తాడు. ఎవరూ రాలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏం యాకూబూ, మేం కనబడటం లేదా నీకు?"

ఎర్రమ్మి జవాబిచ్చింది. "కాసేపు ఆగు సరంగూ. మా దొర ఇంకా సగంలోనే ఉన్నాడు. పళ్ళు తక్కువ."

కొండవాళ్ళ వరసలో నవ్వులు. నూకయ్య మేనల్లుడికి అది నచ్చలేదు. వాడి చెయ్యి తెడ్డు మీదికి పోయింది. యాకూబ్ అరుగు మీదున్న బాబా వైపు చూశాడు. బాబా మటుకు చాప కుట్టుకుంటున్నాడు.

నూకయ్య గోడవారకి చూశాడు. బొజ్జి దొర దవడలు నిదానంగా ఆడుతున్నాయి. మిగతావాళ్ళు ఆయన్ని చూసుకుంటూ, ఆయనతో పాటే తింటున్నారు.

"ఓహో, ఆయన కోసమా వీళ్ళు ఇన్నాళ్ళూ చేతులు కట్టుకు కూర్చుంది?" అన్నాడు నూకయ్య. తర్వాత మేనల్లుడి వైపు తిరిగాడు. "తెడ్డు అక్కడ పెట్టరా. ముసలాయన తింటుంటే కనబడటం లేదూ? మీ తాత ఉన్నప్పుడు నువ్విలాగే లేచేవాడివా?"

వాడు గొణుక్కుంటూ కూర్చున్నాడు.

దొర ముగించాడు. ఎర్రమ్మి, యాకూబ్ ఒకరినొకరు చూసి తలాడించుకున్నారు. ఎర్రమ్మి తనవాళ్ళకి వేసి వచ్చేసరికి యాకూబ్ ఇంకా అవతలి చివర ఉండటంతో, నూకయ్య విస్తట్లో మారు ఆమే వేసింది. అర గరిటె.

"ఇంతేనా?"

"మాకూ అంతే."

నూకయ్య మెడ చాచి గోడవార వరసలోని విస్తళ్ళు చూశాడు. నిజమే, అంతే. "ఇంతకు ముందు కడుపు పగిలేలా తినేవాడిని. ఈ పూట పడవ తేలిగ్గా నడుస్తుందిలే" అని ముద్ద కలిపాడు.

ఆ సాయంత్రం యాకూబ్ డేగిసా తోముతూ, అరుగు మీదున్న బాబాని అడిగాడు.

"బాబా, ఇదంతా మీకు ముందే తెలుసు. మొదటి రోజే నాతో ఒక్క మాట చెప్పి ఉంటే విననా?"

"వినేవాడివే," అన్నాడు బాబా. "విని, ఈ పూట కూడా గరిటె నువ్వొక్కడివే పట్టుకునేవాడివి."