మాంత్రికుడి మూడో పుస్తకం

అనగనగా, ఏడు సముద్రాలకి ఇవతల, ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక్కగానొక్క కూతురు నిరీక్షణ. ఆ రాజ్యంలో ఆదివారం గంట మోగిందంటే, రాజుగారి దగ్గర్నుంచి గుర్రాలకి గడ్డి వేసేవాడి దాకా అందరూ దేవుని మందిరంలో ఉండాల్సిందే. మిగిలిన ఆరు రోజులూ అందరికీ కథల పిచ్చి.

ఆ కథలు ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు రాసి పంపేవాడు. పుస్తకం తెరిస్తే చాలు, బొమ్మలు లేచి ఆడేవి, పాడేవి, కత్తులు దూసేవి. చిన్న రాజకుమారుడు జయశీలుడు వాటిని చెల్లెలికి చదివి వినిపించేవాడు. మొదటి పుస్తకం అద్భుతం. రెండోది ఇంకా అద్భుతం. మూడోదాని కోసం అన్నాచెల్లెళ్ళు మూడేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశారు. తీరా అది వచ్చాక ఏముంది? వీరుడు శత్రువు దగ్గరున్న చెడ్డ మంత్రమే నేర్చుకుని, కాళ్ళ మీద పడ్డవాణ్ణి కూడా వదలకుండా బూడిద చేసి, పకపకా నవ్వాడు. అంతే, కథ అయిపోయింది.

"మంచివాడు గెలవాలంటే చెడ్డవాడు అయిపోవాలా అన్నయ్యా?" అంది నిరీక్షణ.

జయశీలుడు పుస్తకం మూసేశాడు. ఆ రోజు నుంచి పిల్ల నోరు విప్పలేదు. "రాసినవాడే ముగింపు మార్చాలి, వేరే మందు లేదు" అన్నాడు రాజవైద్యుడు.

పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండో అన్న రెండు కత్తులు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. జయశీలుడు తల్లి కట్టిచ్చిన పులిహోర మూట పట్టుకుని బయల్దేరాడు. దారిలో ఒక గండభేరుండ పక్షికి కాల్లో ముల్లు తీశాడు. అది సంతోషించి, అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "ఆ మాంత్రికుడి ప్రాణం తోటలో చిలకలో ఉంది. పట్టుకో, మెడ నులుము, వాడి మాయంతా విడిపోతుంది, ఇంటికి పోదాం" అని ఉపాయం కూడా చెప్పింది.

మాంత్రికుడి దీవిలో అన్నలిద్దరూ మాయ పుస్తకం ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. పిలిస్తే పలకలేదు. జయశీలుడు తోటలోకి వెళ్ళి చిలకని పట్టుకున్నాడు. పట్టుకున్నాడు సరే, ఆకలి దంచేస్తోంది. మూట విప్పి ఆకు పరిచాడు. ప్రార్థన చెయ్యకుండా ముద్ద నోట్లో పెట్టడం వాళ్ళ ఇంటావంటా లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. చేతులు జోడిస్తే చిలకని పట్టుకునేదెవరు?

"ఏం చేశావయ్యా మహానుభావా" అంటూ గండభేరుండం రెండు తలలూ బాదుకుంది.

కళ్ళు తెరిచి చూస్తే చిలక ఎక్కడికీ పోలేదు. ఆకులో కూర్చుని పులిహోరలో పల్లీలు ఏరుకు తింటోంది. "నా కోసం వచ్చినవాళ్ళందరూ నా మెడ వంకే చూశారు. నువ్వొక్కడివే కళ్ళు మూసుకున్నావు. ఎవరితో మాట్లాడుతున్నావో విందామని ఆగాను" అంది.

"ఇప్పుడు నులుము" అంది ఒక తల. "త్వరగా" అంది రెండో తల.

జయశీలుడి చెయ్యి చిలక మెడ మీదికి వెళ్ళింది. అంతలో మాంత్రికుడూ, అతని కూతురు హేమలతా పరిగెత్తుకుంటూ వచ్చారు. మాంత్రికుడు కాళ్ళ మీద పడ్డాడు. రాజకుమారుడికి చటుక్కున తట్టింది. ఇది అచ్చం ఆ మూడో పుస్తకం చివరి పేజీ. మెడ నులిమితే, చెల్లెలి ప్రశ్నకి తనే అవునని చెప్పినట్టు.

"మా ఇంటివాళ్ళు తమ ఆకులో తిన్నవాళ్ళని చంపరు" అన్నాడు చెయ్యి తీసేసి. "లేవండి పెద్దాయనా. ముగింపు మార్చి రాయండి, చాలు."

మాంత్రికుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. "తెలిస్తే రాయనా బాబూ? కాళ్ళ మీద పడ్డవాణ్ణి వదిలేసినవాణ్ణి ఇంతవరకూ ఒక్కణ్ణీ చూడలేదు."

హేమలత సిరా నూరింది, అతను రాశాడు. చివరి అక్షరం పడగానే అన్నలిద్దరూ ఆవులించి లేచారు. అందరూ పక్షి ఎక్కి ఇంటికొచ్చారు.

కోటలో మాంత్రికుడే చదివాడు. ఈసారి వీరుడు కాళ్ళ మీద పడ్డ శత్రువుని లేవదీసి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు. నిరీక్షణ పుస్తకం దగ్గరికి లాక్కుని చివరి పేజీ మళ్ళీ చూసింది.

"వాడు మళ్ళీ మోసం చేస్తే?" అంది చివరికి.

"చెయ్యడమ్మా" అన్నాడు మాంత్రికుడు కళ్ళు తుడుచుకుంటూ. "వాణ్ణి నేనెరుగుదును."

మూడు ఆదివారాలు మందిరంలో జయశీలుడికీ హేమలతకీ పెళ్ళి ప్రకటన చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పెళ్ళయింది, అన్నలు మనసారా ఒప్పుకోగా పట్టాభిషేకమూ అయింది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్ళలో నిరీక్షణ నోరు మూయించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.